కొండ బయటికొచ్చింది

ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చిన మొదటి రాత్రి, రెండు గంటలప్పుడు, టిక్ టిక్‌మని సన్నటి చప్పుడు వినిపించింది. గోడ గడియారం అనుకున్నాను. లైటు వెయ్యకుండానే లేచి నాలుగు గోడలూ చూశాను. ఆ గదిలో గడియారమే లేదు. చప్పుడు మా వాడి దగ్గర్నుంచి వస్తోంది. వాడు రిక్లైనరు కుర్చీలో వెల్లకిలా వాలి, ఆస్పత్రి వాళ్లిచ్చిన ఎర్ర దిండు పొట్ట మీద పెట్టుకుని నిద్రపోతున్నాడు. గుండెలో కొత్తగా అమర్చిన వాల్వు తెరుచుకుని మూసుకుంటున్న చప్పుడది. దానికి కార్బన్‌తో చేసిన రెండు బుల్లి రెక్కలుంటాయట. తెల్లారేదాకా ఆ చప్పుడు వింటూ కుర్చీ పక్కనే కూర్చున్నాను. ఎక్కడ ఆగిపోతుందోనని భయం.

2018 ఏప్రిల్ నెలాఖరు అది. మా వాడికి అప్పటికి 32 ఏళ్లు. సియాటిల్‌కి దక్షిణాన కెంట్ అనే ఊళ్లో, ఈస్ట్ హిల్ మీద, మూడో అంతస్తు అపార్టుమెంటులో ఉండేవాడు. వాడూ మా కోడలూ ఇద్దరూ ఉద్యోగాలే. నేను ఆ ఏడు జనవరిలోనే రిటైరయ్యాను. హైస్కూల్లో సోషల్ టీచరుగా ముప్ఫై ఏళ్లకి పైగా చేశాను. ఇక తీరిగ్గా ఓసారి అమెరికా చూసి వద్దాం అనుకుంటుండగా కోడలు ఫోను చేసింది. "అత్తయ్యా, మీరు కంగారు పడకండి" అని మొదలుపెట్టింది. ఆ మాట వింటే కంగారు పడని తల్లి ఎవరుంటారు? మెట్లెక్కితే ఆయాసం వస్తోందని వాడు డాక్టరు దగ్గరకి వెళ్లాడట. గుండెలో మైట్రల్ అనే వాల్వు బాగా పాడైపోయింది, బాగుచేసే స్థితి దాటిపోయింది, మార్చాల్సిందే అన్నారట.

మాది సింహాచలం కొండ కింద అడివివరం. చందనోత్సవం రోజు అప్పన్న నిజరూపం చూసుకుని, ఆ రెండో రోజే బయల్దేరాను. మా అత్తగారు మంచం మీద ఉండటంతో మా వారు రాలేకపోయారు. విమానం ఎక్కడం అదే మొదటిసారి. దారి ఎలా గడిచిందో, ఏం తిన్నానో ఇప్పటికీ గుర్తు లేదు.

గుర్తున్నదల్లా ఒక్కటే. విమానంలో కూర్చున్నంతసేపూ 1997 ఆషాఢం నా కళ్ల ముందు తిరుగుతూనే ఉంది.

ఆ ఏడు గిరి ప్రదక్షిణకి వాణ్ని మొదటిసారి నడిపించుకుని వెళ్లాను. పదకొండేళ్లవాడు. తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు మధ్యాహ్నం నుంచి సింహాచలం కొండ చుట్టూ లక్షల మంది నడుస్తారు. కొండ కింద తొలిపావంచా, అంటే మొదటి మెట్టు, దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, అడివివరం, హనుమంతవాక, అప్పుఘర్, ఇసుకతోట, మాధవధార, గోపాలపట్నం మీదుగా మళ్లీ కొండ దగ్గరకే చేరతాం. 32 కిలోమీటర్లు. దారి పొడుగునా మజ్జిగ, పులిహోర, మంచినీళ్లు పంచుతూనే ఉంటారు. చాలామంది చెప్పులు లేకుండా నడుస్తారు. మేమూ అలాగే నడిచాం. వాన మొదలైంది. వాడికి ఆ ముందు రోజు నుంచే గొంతు నొప్పి. ఉప్పు నీళ్లు పుక్కిలించమన్నాను, అంతే. పిల్లలకి గొంతు నొప్పి రావడం ఒక జబ్బా అనుకునే రోజులవి.

ఓ మూడు వారాలకి మోకాలు నొప్పి అన్నాడు. అంత దూరం నడిచాడు కదా అన్నాం అందరం. డాక్టరు కూడా అదే మాట అని, జ్వరానికి మాత్రలు ఇచ్చి పంపించాడు. నాలుగు రోజులకి మోకాలు తగ్గింది, మడమ వాచింది. మడమ తగ్గింది, మోచెయ్యి నొప్పి అన్నాడు. నడిస్తే మోచెయ్యి ఎందుకు నొప్పెడుతుంది? ఈ ప్రశ్న నాకు ఆ రోజు రాలేదు. ఆ తరవాత ఇరవై ఏళ్లుగా రాని రోజు లేదు.

గొంతులో చేరిన ఒక రకం బ్యాక్టీరియాని సరైన మందుతో పూర్తిగా తగ్గించకపోతే, కొందరు పిల్లల్లో రెండు మూడు వారాల తరవాత రుమాటిక్ ఫీవరు వస్తుంది. ఆ బ్యాక్టీరియా మీద పోరాడాల్సిన ఒంట్లోని శక్తి పొరపాటున సొంత కీళ్ల మీదా గుండె మీదా పడుతుంది. కీళ్లు తగ్గిపోతాయి. గుండె వాల్వుల మీద మాత్రం మచ్చ మిగిలిపోతుంది. ఇదంతా నాకు రెండేళ్ల తరవాత, స్కూల్లో పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేస్తున్నప్పుడు ఒకావిడ స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, "ఇతని గుండెలో మర్మర్, అంటే ఉండకూడని చప్పుడు, ఉందమ్మా" అన్నాక తెలిసింది. ఆ జ్వరం మళ్లీ రాకుండా అప్పటి నుంచి ఇరవై ఒక్క రోజులకోసారి పెనిడ్యూర్ అనే పెనిసిలిన్ ఇంజక్షను. చేయించిన ప్రతిసారీ రెండు రోజులు కుంటుతూ నడిచేవాడు. టెన్త్, ఇంటరు, ఇంజనీరింగు అంతా ఆ క్యాలెండరు ప్రకారమే నడిచింది. ఒక్కటీ మానలేదు. కానీ మొదట పడిన దెబ్బ పడిపోయే ఉంది.

ఈ సంగతులన్నీ మనసులో పెట్టుకుని వచ్చిన మనిషిని నేను. కాబట్టి ఆ గదిలో నేనెలా ఉన్నానో చెప్పక్కర్లేదు. కళ్లల్లో వత్తులు వేసుకుని వాణ్నే చూస్తూ ఉండేదాన్ని. దగ్గితే లేచేదాన్ని. దగ్గేటప్పుడు ఆ ఎర్ర దిండు ఛాతీకి గట్టిగా అదుముకోవాలి, లేకపోతే కోసి కుట్టిన రొమ్ము ఎముక కదులుతుంది. అందుకని వాడు దగ్గుకి నోరు తెరవకముందే దిండు అందించేదాన్ని. ఊపిరి బలానికి ఒక ప్లాస్టిక్ పరికరం ఇచ్చారు, గంటకోసారి దాంట్లోంచి గాలి పీల్చాలి. పీలిస్తే అందులో బంతులు పైకి లేస్తాయి. బంతి ఎంతవరకు లేచిందో నేను చూడాలి. రెండు నెలలపాటు నాలుగు కిలోలకి మించి బరువు ఎత్తకూడదన్నారు. పాలడబ్బా మీద కూడా వాణ్ని చెయ్యి వెయ్యనిచ్చేదాన్ని కాదు.

తొమ్మిదో రోజో పదో రోజో, సాయంత్రం, చారన్నం కలిపి తెచ్చి ఎదురుగా కూర్చున్నాను. వాడు రెండు ముద్దలు తిని ఆగిపోయాడు. గిన్నె పక్కన పెట్టి, నెమ్మదిగా, కోపం ఏమీ లేకుండానే అన్నాడు.

"అమ్మా, నన్ను అలా చూడకు."

"ఎలా చూస్తున్నానురా?"

"పోయేవాణ్ని చూసినట్టు చూస్తున్నావు."

ఆ తరవాత వాడు ఏడ్చాడు. గుండె ఆపరేషను అయిన వాళ్లకి కొన్ని వారాలు మనసు అలా దిగులుగా, ఊరికే ఏడుపొచ్చేలా ఉంటుందని నర్సు ముందే చెప్పిందట. నాకా సంగతి ఆ రాత్రి కోడలు చెప్పింది. కానీ ఆ నిమిషంలో నాకు నిలబడే శక్తి లేకపోయింది. వాడి ఎదురుగా ఏడిస్తే ఇంకా పాపం కదా. తలుపు జరుపుకుని బాల్కనీలోకి వెళ్లాను.

అప్పటికి నేను వచ్చి రెండు వారాలు దాటింది. వచ్చిన దగ్గర్నుంచీ ఆకాశం బూడిద రంగులోనే ఉంది. బాల్కనీ ఎదురుగా కొన్ని ఇళ్ల కప్పులు, వాటి వెనక నల్లటి చెట్ల వరస, ఆ పైన మబ్బు. అంతకు మించి ఏమీ ఉందనుకోలేదు. ఆ సాయంత్రం తలెత్తి చూస్తే, చెట్ల వరస పైన, ఆకాశంలో సగం దాకా, తెల్లటి కొండ ఉంది.

మబ్బేమో అనుకున్నాను. కళ్లు తుడుచుకుని చూశాను. మబ్బుకి అంచులు అంత గట్టిగా ఉండవు. ఎనిమిదిన్నర కావస్తోంది, ఇంకా ఎండ పోలేదు. ఆ మంచు మీద వెలుగు మొదట పసుపుగా ఉంది, తరవాత గులాబీ రంగుకి తిరిగింది. చూస్తూ చూస్తూ ఉండగానే కింద నుంచి నీలం పైకి ఎక్కింది. చివరికి కొసన మాత్రమే చిటికెడు కుంకుమ మిగిలింది. అది కూడా ఆరిపోయేదాకా నేను అక్కడే ఉన్నాను. లోపలికి వచ్చి చూస్తే వాడు మిగతా అన్నం తినేసి నిద్రపోయాడు.

మరుసటి రోజు పొద్దున చెత్త సంచీ పడెయ్యడానికి కిందికి వెళ్తే, కుక్కని నడిపిస్తున్న ఒక పెద్దావిడ నన్ను చూసి నవ్వి, చెయ్యి ఆ దిక్కుకి చాపి, "ది మౌంటెన్ ఈజ్ అవుట్!" అంది. కొండ బయటికొచ్చింది! అక్కడ అందరూ అలాగే అంటారట. ఏ కొండ అని అడగక్కర్లేదు. కొండ అంటే ఒకటే, మౌంట్ రేనియర్. సియాటిల్ చుట్టుపక్కల మబ్బులు ఎక్కువ కాబట్టి అది కనబడిన రోజు ఒకరికొకరు శుభవార్తలా చెప్పుకుంటారు.

ఆ మాట నాకు వెంటనే అర్థమైపోయింది. మా అప్పన్న ఏడాది పొడుగునా చందనం పూతలోనే ఉంటాడు. అక్షయ తదియ నాడు ఒక్క పూట చందనం ఒలిచి నిజరూపం చూపిస్తారు, మళ్లీ నాలుగు విడతలుగా కప్పేస్తారు. నిజరూపం చూడటానికి ముందు రోజు రాత్రి నుంచే క్యూల్లో నిలబడే జనం మధ్య పెరిగినదాన్ని. కొండ బయటికొచ్చిందని ఆ పెద్దావిడ మొహం వెలిగిపోవడం నాకు వింతగా అనిపించలేదు.

ఆ రోజు నుంచి నా చూపుకి ఒక చోటు దొరికింది. వాడు నిద్ర లేస్తే దగ్గరుండి చెయ్యాల్సినవన్నీ చేసి, వాడికి కనిపించేలా బాల్కనీ తలుపు పక్కన కుర్చీ వేసుకుని కొండ వైపు తిరిగి కూర్చునేదాన్ని. కొండ లేని రోజు, అది ఉండాల్సిన చోటు చూస్తూ కూర్చునేదాన్ని. చెవులు మాత్రం వెనకే ఉండేవి. దగ్గు వినిపిస్తే ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుని, వాడే దిండు అందుకోవడం చప్పుడుని బట్టి తెలుసుకుని, అప్పుడు ఊపిరి పీల్చుకునేదాన్ని. వాడు మళ్లీ ఆ మాట అనలేదు. మూడో వారంలో అనుకుంటా, తనంతట తనే కుర్చీ దగ్గరకి నడిచొచ్చి, నా వెనక నిలబడి, "ఇవాళ టోపీ పెట్టుకుంది" అన్నాడు. కొండ కొస మీద పళ్లెం బోర్లించినట్టు ఒక మబ్బు. అలా టోపీ పెడితే ఒకటి రెండు రోజుల్లో వాన ఖాయం అంటారట అక్కడివాళ్లు. మా ఊళ్లోనూ కొండ మీద మబ్బు దిగితే బట్టలు తీసెయ్యమనేవాళ్లు. ఆ రాత్రే వాన పడింది.

వంట గురించి కూడా చెప్పాలి. ఊరి నుంచి గోంగూర పచ్చడి, ఎండు గోంగూర మోసుకెళ్లాను, పాపం వాడికి ప్రాణం అని. వెళ్లాక తెలిసింది, ఈ వాల్వు ఉన్నవాళ్లు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర జీవితాంతం వేసుకోవాలి, ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఆ మాత్ర పనిని తగ్గిస్తుంది అని. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కానీ డైటీషియన్ అమ్మాయి ఎంత బాగా చెప్పిందో. ఆకుకూర మానొద్దు, ఒక వారం ఎక్కువ ఒక వారం తక్కువ కాకుండా ఎప్పుడూ ఒకే కొలత తినండి, ఆ కొలతకి తగ్గట్టు మేము మాత్ర సర్దుతాం అంది. అప్పటి నుంచి ఒక కప్పు పెట్టుకున్నాను. తోటకూరైనా, పాలకూరైనా, గోంగూరైనా ఆ కప్పుతోనే. ఉప్పు తక్కువ చేసి ఆనపకాయ, బీరకాయ, పెసరకట్టు. వారం వారం రక్తం పరీక్ష చేసి, గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో తెలిపే ఐఎన్ఆర్ అని ఒక అంకె చెప్పేవాళ్లు. వాడికి అది రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలి. మా వారు అడివివరం నుంచి రోజూ ఫోను చేసేవారు. అక్కడికీ ఇక్కడికీ పన్నెండున్నర గంటల తేడా, మా పొద్దున ఆయనకి రాత్రి. "ఎంకె ఎంత?" అని అడిగేవారు. ఐఎన్ఆర్ ఆయన నోరు తిరగలేదు చివరిదాకా. ఆ వెంటనే "కొండ ఉందా ఇవాళ?" అని అడిగేవారు. ఆయన చూడని కొండ గురించి ఆయనకి రోజూ చెప్పడం నాకు ఎంతో హాయిగా ఉండేది. కొడుకు సంగతి ఎక్కువ చెప్తే ఇద్దరికీ గొంతు పట్టేసేది. కొండ సంగతి ఎంతసేపైనా చెప్పొచ్చు.

సోషల్ టీచర్ని కదా, ఊరుకోలేకపోయాను. కోడలు లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చింది. 14,410 అడుగుల ఎత్తు. అది నిద్రపోతున్న అగ్నిపర్వతం, పైన పాతికకి పైగా హిమానీనదాలు. మా అప్పన్న గుడి వెయ్యి అడుగుల లోపే. అక్కడి మూలవాసులు దాన్ని టహోమా అన్నట్టుగా పిలిచేవారు. 1792లో కెప్టెన్ జార్జ్ వాంకూవర్ అనే ఇంగ్లిషు నావికుడు అటు ఓడలో వెళ్తూ చూసి, తన స్నేహితుడు పీటర్ రేనియర్ పేరు పెట్టేశాడు. ఆ రేనియర్ తన జన్మలో ఆ కొండని చూడలేదు. ఇంతవరకు చదివి పక్కన పెట్టేదాన్నేమో. తరవాత పేజీలో ఆ రేనియర్ 1794 నుంచి పదకొండేళ్లపాటు మన వైపు సముద్రాల్లో ఇంగ్లిషు నౌకాదళానికి అధిపతిగా ఉన్నాడని ఉంది. 1804 సెప్టెంబరు 15న విశాఖపట్నం రేవులో ఫ్రెంచి ఓడలకీ సెంచూరియన్ అనే ఇంగ్లిషు యుద్ధనౌకకీ ఫిరంగుల యుద్ధం జరిగింది. అప్పుడు ఆ సెంచూరియన్ ఈయన దళంలోదే. మా ఊరి సముద్రం మీద ఫిరంగి పేల్చిన దళం పెద్ద పేరు, నా కొడుకు కిటికీలో కొండకి ఉంది! అప్పుడే మా వారికి ఫోను చేశాను. అక్కడ అర్ధరాత్రి. "బాబుకేమైంది?" అని ఆయన గాభరాగా ఎత్తారు. ఆ తప్పు మళ్లీ చెయ్యలేదు.

వాడి నడక మొదట వరండాలో అయిదు నిమిషాలు. తరవాత పోస్టు డబ్బాల దాకా. జూన్ వచ్చేసరికి వీధి మలుపు దాకా. ఆ మలుపులో రెండు ఇళ్ల సందులోంచి కొండ మొత్తం కనిపించేది. రోజూ అక్కడిదాకా వెళ్లి, ఉందో లేదో చూసి, వెనక్కి తిరిగేవాళ్లం. నేను కావాలని వాడి కంటే ఒక అడుగు ముందు నడిచేదాన్ని. వెనక నడిస్తే చూపు వీపు మీదకి పోతుంది.

జులైలో ఆషాఢ పౌర్ణమి దగ్గరకొచ్చింది. పెళ్లైనా, పురుడైనా, ఆ తరవాత వాడి జబ్బు సంగతి తెలిసినా, గిరి ప్రదక్షిణ నాకు ఎప్పుడూ తప్పలేదు. అదే మొదటిసారి తప్పడం. నేను ఏమీ అనలేదు గానీ వాడే అడిగాడు, "చతుర్దశి ఎప్పుడమ్మా?" అని. చెప్పాను. డాక్టర్ని అడిగి, ఆ రోజు కోడలు సెలవు పెట్టి, కారులో కొండకి బయల్దేరదీశారు నన్ను.

రెండు గంటల పైనే ప్రయాణం. కొంతదూరం పోయాక కొండ మాయమైపోయింది. దగ్గరకి వెళ్తున్న కొద్దీ ముందున్న చిన్న గుట్టలూ పెద్ద చెట్లూ దాన్ని కప్పేస్తాయి. పెద్ద పెద్ద దుంగలతో కట్టిన గేటు దాటి అడవిలోకి పోయాం. నలుగురు చేతులు పట్టుకున్నా చుట్టు రాని చెట్లు. పక్కనే నిస్క్వాలీ నది, బియ్యం కడుగు నీళ్ల రంగులో. హిమానీనదం కదులుతూ కింద రాయిని మెత్తగా నూరుతుంది, ఆ పిండి కలిసి నీళ్లు అలా ఉంటాయి. ఎన్నో ఏళ్లు బోర్డు మీద సుద్దముక్కతో గీసి చెప్పిన పాఠం. నది ఒడ్డున కారాపించి నీళ్లు దోసిట్లోకి తీసుకుని చూశాను. వేళ్ల మధ్య సన్నటి బూడిద మిగిలింది.

లాంగ్‌మైర్ అనే చోట టీ కోసం ఆగాం. అక్కడ ఒక కుర్ర జంట, మనిషంత సంచులు వీపున వేసుకుని, బూట్లు విప్పి కాళ్లకి ప్లాస్టర్లు అంటించుకుంటున్నారు. కోడలు పలకరించింది. వాళ్లు కొండ చుట్టూ నడుస్తున్నారట. వండర్‌లాండ్ ట్రెయిల్ అని, కొండని పూర్తిగా చుట్టి వచ్చే దారి, 93 మైళ్లు, అంటే దాదాపు 150 కిలోమీటర్లు. 1915లోనే పూర్తయిందట. పది పన్నెండు రోజులు పడుతుందట. "అమ్మా, వీళ్లూ గిరి ప్రదక్షిణే!" అన్నాడు మా వాడు. ఆ అమ్మాయి బొబ్బలెక్కిన పాదాలు చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. నా సంచిలో ఉన్న పులిహోర డబ్బా ఒకటి ఇచ్చేశాను. ప్రదక్షిణ చేసేవాళ్లకి పులిహోర పెట్టే పుణ్యం ఆ ఏడు నాకు అలా దక్కింది. వద్దంటూనే తీసుకుని, అక్కడే కూర్చుని చేత్తో తిన్నారు ఇద్దరూ.

అక్కడి నుంచి పైకి వెళ్తుంటే బోర్డు మీద 'నారద ఫాల్స్' అని కనిపించింది. నేను తప్పు చదివాననుకున్నాను. తప్పు కాదు, మన నారదుడే. 1890ల్లో టకోమా ఊళ్లో దివ్యజ్ఞాన సమాజం వాళ్లుండేవారు, వాళ్ల శాఖ పేరు నారద. వాళ్ల పేరే ఆ జలపాతానికి పెట్టారు. మెట్ల దారి కొంచెం నిటారుగా ఉందని వాణ్ని కారు దగ్గరే ఉండమన్నాను. "అమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటే. సరేనని నోరు మూసుకున్నాను. ముగ్గురం దిగాం, నెమ్మదిగా. నల్లరాతి మీద నుంచి నీళ్లు పల్చటి తెరల్లా జారుతున్నాయి, తుంపర మొహాన కొట్టింది. ఎక్కేటప్పుడు వాడు రెండుసార్లు ఆగాడు. ఆగిన రెండుసార్లూ నేను జలపాతం వైపే చూస్తూ నిలబడ్డాను.

పారడైజ్ అనే చోటు 5,400 అడుగుల ఎత్తులో ఉంది. జులై నెలాఖరులో కూడా నీడ పట్టున మంచు గుట్టలు మిగిలే ఉన్నాయి. 1971-72 చలికాలంలో అక్కడ 1,122 అంగుళాల మంచు కురిసిందట, అంటే 93 అడుగుల పైన. అంత మంచు కింద నుంచి ఈ పూలు ఎలా లేస్తాయో! ఊదా రంగు లూపిన్లు, ఎర్రటి కుంచెల్లాంటి పెయింట్‌బ్రష్ పూలు, మంచు పక్కనే తెల్లటి లిల్లీలు. మార్మట్ అనే జంతువు, పిల్లి కంటే కొంచెం పెద్దది, బండ మీద కూర్చుని ఈల వేస్తోంది. కొండ ఇక కిటికీలో బొమ్మలా లేదు. పగుళ్లు, నల్లటి రాళ్లు, మంచులో నీలం చీలికలు అన్నీ కనిపిస్తున్నాయి. మెడ వెనక్కి వంచితే గానీ కొస కనిపించలేదు.

బెంచీ మీద కూర్చుని మిగిలిన పులిహోర తిన్నాం. వాడు తింటూ తింటూ అన్నాడు, "అమ్మా, హనుమంతవాక దగ్గర అనాసపండు కొనిపెట్టావు గుర్తుందా? చక్రాల్లా కోసి, ఉప్పూ కారం చల్లి. వానలో తిన్నాం. అంత తియ్యటి అనాస మళ్లీ ఎక్కడా తినలేదు."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఇరవై ఒక్క ఏళ్లుగా ఆ నడక గురించి వాడితో నేను ఒక్క మాట ఎత్తలేదు. గొంతు సరిచేసుకుని అడిగాను.

"ఆ రోజు కాళ్లు నొప్పెట్టలేదా నీకు? గొంతు కూడా నొప్పి అన్నావు కదా?"

వాడు కాసేపు ఆలోచించాడు.

"ఏమో అమ్మా, గుర్తు లేదు. అనాసపండే గుర్తుంది. ఇంకా... దార్లో ఎవరో నాకు మజ్జిగ రెండు గ్లాసులు ఇచ్చారు."

కోడలు అటు తిరిగి పూలకి ఫొటోలు తీస్తోంది. నేను ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నమలడానికి చాలాసేపు పట్టింది.

అక్కడి నుంచి అర మైలు లోపు నడిస్తే మర్టిల్ ఫాల్స్ అని ఒక చిన్న జలపాతం, దాని మీద చెక్క వంతెన. వంతెన దగ్గర నుంచి చూస్తే కింద నీళ్లు, పైన సూటిగా కొండ. అక్కడికి చేరాక నేను వంతెన కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. మా ఊళ్లో అప్పటికి జనం రాత్రంతా నడిచి గోపాలపట్నం చేరే వేళ. మా వారు వీధిలో మజ్జిగ బిందె దగ్గర ఉంటానన్నారు. ఎదురుగా కొండ మీద ఒక చిన్న మబ్బు ముక్క మంచుని రాసుకుంటూ పోతోంది, దాని నీడ కూడా దాంతోపాటే పోతోంది. ఆ నీడ ఎక్కడిదాకా పోతుందో చూద్దామనుకున్నాను. మంచు దాటి రాళ్ల మీదకి వెళ్లింది, రాళ్లు దాటి మళ్లీ మంచు మీదకి వచ్చింది. దాని వెంటే నా చూపు. ఎంతసేపు గడిచిందో తెలియలేదు.

"అమ్మా!" అని పైనుంచి కేక వినిపించింది.

తిరిగి చూస్తే పక్కన ఎవరూ లేరు. వంతెన దాటి, దారి ఎక్కి, నాకంటే చాలా ఎత్తున ఊదా పూల మధ్య నిలబడి ఉన్నాడు మా వాడు. కోడలు వాడికి ఇంకా రెండు అడుగుల పైన ఉంది. వాడు ఎప్పుడు కదిలాడో, ఎక్కడ ఆగి ఎక్కడ ఎక్కాడో, నేను చూడనే లేదు.

"ఎటు చూస్తున్నావమ్మా? ఇటు!" అని చెయ్యి ఊపుతున్నాడు.